ఆ చేతులు మా అక్కవి

స్టోర్‌డాల్, విస్కాన్సిన్
జూన్ 12, 1986

తమ్ముడూ ఓరిన్,

నిన్న పొద్దున నువ్వు నిజంగానే వచ్చి వెళ్లావని నమ్మడానికి నాకున్న ఆధారం, నీ కార్ల చక్రాలు నా పూలమడిలో దింపిన గాట్లు. సినిమావాళ్లలా అంతమంది దిగారు. ఎన్నికల ప్రకటన అంటే ఒక మనిషి నిలబడి నాలుగు మాటలు చెప్పడం అనుకున్నాను. మీవాళ్లు మా ముసలి బెర్తాని సబ్బు పెట్టి కడిగారు. అది కొట్టంలోకి తిరిగొస్తే మిగతా ఆవులు కొత్తదనుకుని దారివ్వలేదు.

ఆ విట్‌కమ్ అనే పెద్దమనిషి, నీ ప్రచారమంతా తనే నడుపుతున్నాడట, నన్ను బెర్తా దగ్గర కూర్చోబెట్టి చేత్తో పాలు పితకమన్నాడు. "మిషను ఉందండీ, చేత్తో పితికి ఏళ్లయింది" అన్నాను. "ఊరికే వెలుతురు సరిచూసుకోడానికమ్మా" అన్నాడు. సరే, కూర్చున్నాను. నువ్వు పొద్దుటి పొగమంచులో వణుకుతుంటే తలుపు వెనక మేకుకున్న మీ బావ కోటు తీసిచ్చాను. నేను లోపల కాఫీ పెట్టి వచ్చేసరికి కోటు మేకుకి ఉంది, నువ్వు కారులో ఉన్నావు. అద్దంలోంచి చెయ్యి ఊపావు.

మీ బావ హాల్వర్ పోయి ఇది రెండో వేసవి. అమ్మ గురించో నాన్న గురించో ఏదైనా గుర్తొస్తే "అవునా, అలాగే జరిగిందా" అని అడగడానికి నాకు నువ్వొక్కడివే ఉన్నావు. ఈసారి ఆ మంద లేకుండా రా. నీతో ఓ గంట కూర్చుంటే చాలు.

నీ ఆఫీసుకి ఫోను చేస్తే ఎవరో అమ్మాయి "మీ అభిప్రాయం మాకు ముఖ్యం" అంటోంది. అందుకే ఈ ఉత్తరం.

అక్క
ఆర్లిస్

లా క్రాస్
జూన్ 24, 1986

అక్కా,

నీకు మా ఆఫీసు నుంచి "గౌరవనీయ ఓటరు గారికి" అని ఒక అచ్చు కాగితం వచ్చి ఉంటుంది. చించి పారెయ్. నీ ఉత్తరం నా దాకా రావడానికి వారం పట్టింది.

కాఫీ తాగకుండా వెళ్లానని నీకు కోపం. నాకు మాత్రం లేదా? కారు మలుపు తిరిగేదాకా వంటింటి కిటికీ చూస్తూనే ఉన్నాను. పక్కన విట్‌కమ్ తర్వాతి ఊళ్లో ఎవరి చెయ్యి ఎన్నిసార్లు ఊపాలో చెప్తున్నాడు.

ఈ పోటీలోకి నేనెందుకు దిగానో నీకు తెలుసు. లాయరుగా పాతికేళ్లు ఎన్నికల్లో నిలబడేవాళ్లకి ఉపన్యాసాలు రాసిచ్చి విసిగిపోయాను. ఒకడు చర్చిలో ఏడవడానికి అద్దం ముందు సాధన చేసేవాడు. వాషింగ్టన్‌లో కాంగ్రెసు సభలోకి వెళ్తే నేను పెట్టే మొదటి బిల్లు ప్రకటనల మీదే. ఎవరు డబ్బిచ్చారో, ఎవరిది ఆ ఇల్లు, ఎవరివి ఆ మాటలు, అన్నీ అందులోనే చెప్పి తీరాలి. పోటీ చేసేవాడు తన ముఖంతో, తన గొంతుతో మాట్లాడాలి. కానీ అక్కా, లోపలికి వెళ్లాలంటే గుమ్మం దాటాలి కదా. విట్‌కమ్ అంటాడు, "జనం వినరు, చూస్తారు" అని. నిజం చెప్పి గెలిచినవాళ్ల పేరు ఒక్కటి చెప్పు చూద్దాం.

నవంబరు అయిపోనీ. వచ్చి వారం ఉంటాను.

నీ
ఓరిన్

స్టోర్‌డాల్
ఆగస్టు 3, 1986

ఓరిన్,

నీ ప్రకటన చూశాను. ఊరంతా చూసింది.

శుక్రవారం చేపల భోజనానికి హోటల్లో ఉన్నాం. గోడ మీద టీవీ. ముందు పొగమంచు. మంచులోంచి ఒక మనిషి మా కొట్టం వైపు నడిచి వెళ్తున్నాడు, వీపు మాత్రమే కనిపిస్తోంది. కుడి భుజం కొంచెం కిందికి వాలి ఉంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డానురా. మీ బావ ఆ కోటు కుడి జేబులో కంచెతీగ బిగించే పట్టకారు వేసుకుని తిరిగేవాడు, ఎప్పుడూ అటే వాలేవాడు. ఆ పట్టకారు నేనింకా తియ్యలేదు. ఆ బరువుకి నువ్వూ అటే వాలావు. ఆ నాలుగు అడుగుల పాటు నాకు నువ్వు కనిపించలేదు. పిలవబోయాను కూడా.

తర్వాత గొంతు వచ్చింది. "ముప్పై ఏళ్లుగా తెల్లవారకముందే లేచే మనిషి." తర్వాత చేతులు. పెద్దగా, తెర నిండా, బెర్తా పాలు పితుకుతూ. "ఈ చేతులకి కష్టం తెలుసు."

హోటలంతా గొల్లున నవ్వింది. గేటులో పడి వంకరైన ఆ వేలు ఈ లోయలో ఎవరికి తెలియదు? సెల్మర్ ఆసెన్ అరిచాడు: "ఏమ్మా ఆర్లిస్, కాంగ్రెసుకి నిలబడ్డావని మాకు చెప్పనేలేదే!" పక్కింటావిడ, "గోళ్లకి రంగైనా వేసుకోకపోయావా" అంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఇల్లొదిలి వెళ్లేనాటికి నీకు పద్దెనిమిదేళ్లు. అప్పటిదాకా కొట్టంలోకి వెళ్లమంటే కడుపునొప్పి అనేవాడివి. దాన్ని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. నీకు చదువు ఇష్టం, అంతే. దాన్నెందుకు దాస్తున్నావు?

ఆ చేతుల సంగతి ఏదో ఒకటి చెయ్యి. ఇదొక్కటే అడుగుతున్నాను. ఇక ఈ మాట రాయాలో వద్దో తెలియడం లేదు, రాసేస్తున్నాను. రోజూ ఆరింటి వార్తలకి ముందు అది వస్తోంది. రోజూ చూస్తున్నాను.

ఆర్లిస్

లా క్రాస్
ఆగస్టు 15, 1986

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. నువ్వు రోజూ చూస్తున్నావన్న మాట చదివి నా గుండెల మీద బరువు దిగింది. నీకు నచ్చదేమోనని భయపడుతూనే ఉన్నాను. విట్‌కమ్‌కి చదివి వినిపించాను. "చూశారా, స్వయంగా అక్కగారే రోజూ చూస్తున్నారు" అన్నాడు. మేం ముందంజలో ఉన్నాం, అదంతా ఆ ప్రకటన పుణ్యమే.

చేతుల సంగతి చూడమన్నావు. నిజమే, అంత కష్టపడే చేతులకి ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆఫీసులో చెప్పాను, మా అక్కకి ఏదైనా మంచిది పంపమని. అందిందా?

రేపు ఆరు ఊళ్లు తిరగాలి. మీ ఊరి పక్కనుంచే వెళ్తాం, ఆగడానికి వీలుండదు.

నీ
ఓరిన్

స్టోర్‌డాల్
సెప్టెంబరు 9, 1986

ఓరిన్,

అందాయి. చేతి తొడుగులు. లేత గోధుమరంగు తోలు, లోపల పట్టు. "మా అభ్యర్థి కృతజ్ఞతలతో" అని అచ్చు చీటీ. నా చేతులు నలుగురిలో కనపడకుండా తొడుక్కుని తిరగమన్నావని అర్థమైంది. పెట్టెతో సహా అలమరలో పెట్టాను. ఎండాకాలంలో తోలు తొడుగులు వేసుకుంటే ఊరు ఇంకా నవ్వుతుంది కాబట్టి తొడుక్కోలేదు, నీ మాట కాదని కాదు.

దానికన్నా పెద్ద సంగతి చెప్తాను. పాల ధర గిట్టక సెల్మర్ పెట్టిన ఆవుల వేలానికి వచ్చావు. నేను రాలేదు, ఆ జంతువుల్ని లారీ ఎక్కిస్తుంటే చూడలేక. సెల్మర్ చెప్పాడు. కారు ఇంజను ఆపకుండానే దిగావట. అతని భుజం మీద చెయ్యేసి, "మీకోసం పోరాడతాను" అన్నావట. అతను, "పోరాడ్డం సరే, పాల ధర సంగతి ఏం చేస్తావు నాయనా?" అని అడిగేలోపు ఫోటో అయిపోయిందట. ఇప్పుడా ఫోటో ప్రతి ఇంటికీ కరపత్రం మీద వచ్చింది. కింద "మిత్రుడి కన్నీరు తుడుస్తూ" అని ఉంది. సెల్మర్ ఏడవలేదురా. ఎండకి కళ్లు చికిలించాడు. అతని భార్య చర్చికి రావడం మానేసింది.

మొన్న నీ మీద పోటీ చేసేవాళ్ల మనుషులూ వచ్చారు, కెమెరాతో. నా చేతులు చూపించి, "ఇవి నావి, నా తమ్ముడు అబద్ధం ఆడాడు" అనమన్నారు. "నిజమే కదమ్మా, నిజం చెప్పడానికేం?" అన్నారు. నిజమే. కానీ దానికీ దీపాలు పెట్టారు, నా మొహానికి పొడి రాయబోయారు, ఎక్కడ గొంతు వణకాలో చెప్పారు. కొట్టంలో పనుంది, వెళ్లమన్నాను.

జనం వినరు, చూస్తారు అన్నావు. మాకు మీరు మిగిల్చింది చూడ్డం ఒక్కటే. అడగనిస్తే అడుగుతాం, చెప్తే వింటాం. నేనూ సెల్మరూ ఇంకొందరం కలిసి ఒక పని చేస్తున్నాం. అక్టోబరు రెండో శనివారం రైతుసంఘం హాలు తెరుస్తాం. ఇద్దరు అభ్యర్థుల్నీ పిలుస్తున్నాం. కెమెరాలు బయట. చేతిలో కాగితాలుండకూడదు. చప్పట్లు కొట్టకూడదు, ఈలలు వెయ్యకూడదు. ప్రశ్నలు అయిపోయేదాకా లేవకూడదు. నువ్వు రావాలి.

ఆర్లిస్

లా క్రాస్
సెప్టెంబరు 17, 1986

ఆర్లిస్,

అవతలివాళ్ల కారు నీ వాకిట్లో గంటసేపు ఆగి ఉందని నీ ఉత్తరం కన్నా ముందే నాకు కబురొచ్చింది. ఇప్పుడు ఈ హాలు పిలుపు. కాగితాలు లేకుండా, మనుషులు లేకుండా నన్ను ఒంటరిగా కూర్చోబెట్టాలన్న ఆలోచన నీది కాదని విట్‌కమ్ అంటున్నాడు. నీదేనని నేను వాదించాను. కానీ రుజువు చూపడానికి నా దగ్గర ఏమీ లేదు.

రోజూ చూస్తున్నానని రాసింది నువ్వే. బాగుందనే కదా అర్థం? నువ్వు ఎప్పటినుంచి అవతలి పక్షం?

ఓరిన్

స్టోర్‌డాల్
సెప్టెంబరు 24, 1986

ఓరిన్,

బాగుందని నేనెక్కడ రాశాను? నేను చూసేది నిన్ను కాదు. కోటు వేసుకుని కొట్టంలోకి వెళ్లే నా మొగుణ్ణి చూస్తున్నాను. అది అబద్ధమని తెలుసు. ఆ అబద్ధం ఆగాలనీ ఉంది, రేపు సాయంత్రం ఇంకోసారి రావాలనీ ఉంది. ఈ సిగ్గు ఎవరికి చెప్పుకోను? నీకు చెప్పాను. నువ్వు దాన్ని తీసుకెళ్లి విట్‌కమ్‌కి చదివి వినిపించావు.

అవతలివాళ్లు గంటసేపు ఆగింది నాతో మాట్లాడ్డానికి కాదు. వాళ్ల కారు బురదలో దిగబడింది, ట్రాక్టరుతో లాగి పంపించాను.

హాల్లో నీ కుర్చీ వేసి ఉంటుంది. వస్తే కూర్చుంటావు, రాకపోతే ఖాళీగా ఉంటుంది.

ఆర్లిస్

లా క్రాస్
అక్టోబరు 20, 1986

అక్కా,

హాలు నుంచి వచ్చి తొమ్మిది రోజులైంది, ఇవాళ్టికి కలం పట్టగలిగాను. ఆరోజు నువ్వు మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయావు. తిరిగి వస్తావని చూశాను, రాలేదు. ఇంటికొచ్చి తలుపు కొట్టడానికి ధైర్యం చాలలేదు. నీ కోపం ఇంకా అలాగే ఉందని అర్థమైంది. అయినా నా తరఫున జరిగింది నీకు చెప్పుకోవాలి.

అవతలి మనిషి రానే లేదు. రాకపోవడమే తెలివి అన్నాడు విట్‌కమ్, కారులో కూర్చుని. నేనెందుకు దిగానో నాకే తెలియదు. నీ ఉత్తరం జేబులో ఉంది, అంతే. మొదట సెల్మర్ లేచాడు. కోర్టులో ఎంతమందినో ప్రశ్నించాను, అలాంటి ప్రశ్న ఒక్కటీ వెయ్యలేదు నేను.

"ఓరిన్, నీ చేతులు చూపించవోయ్" అన్నాడు.

చూపించాను. అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది? అయినా అందరూ చూశారు.

"టీవీలో ఉన్నవి ఇవేనా?"

అలవాటైన మాటలు నాలుగు నోటిదాకా వచ్చాయి. కష్టపడే కుటుంబం నుంచి వచ్చానని, ఈ మట్టి అని, అదీ ఇదీ. నువ్వు మూడో వరుసలో రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నావు, తొడుగులు లేకుండా. "కాదు. ఆ చేతులు మా అక్కవి" అన్నాను. "ఆ కోటు మా బావది. నేను ఒక్క ఏడాది కూడా పాడి చెయ్యలేదు."

చప్పట్లు లేవు, తిట్లూ లేవు. ఏం చెయ్యాలో తెలియక సెల్మర్ వైపు చూస్తే, "సరే. ఇప్పుడు పాల ధర గురించి చెప్పు" అన్నాడు. తెలిసింది చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. నువ్వు వెళ్లిపోయాక కూడా చాలాసేపు అడిగారు. పాతికేళ్లలో నా మాట ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు అక్కా.

బయటికొచ్చి విట్‌కమ్‌తో ప్రకటన ఆపెయ్యమన్నాను. నవ్వాడు. అది మన చేతిలో లేదట, పార్టీవాళ్లది, ఎన్నికల రోజు దాకా వస్తూనే ఉంటుందట. హాల్లో విన్నది ఓ వందమంది, టీవీ చూసేది జిల్లా అంతా. నేను పత్రికవాళ్లకి ఒక్క మాట చెప్తే చాలు. ఫోను ముందు కూర్చున్నాను. చెయ్యలేదు. రేపు చేద్దామనుకుంటూ ఇవాళ్టి దాకా వచ్చాను.

ఏదైనా కానుక పంపమన్నది నేనే. పంపింది చేతి తొడుగులని మాత్రం నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

ఓరిన్

స్టోర్‌డాల్
నవంబరు 9, 1986

ఓరిన్,

గెలిచావు. రేడియోలో విన్నాను. ఆరోగ్యం చూసుకో, టీవీలో బాగా చిక్కినట్టు కనిపించావు.

హాల్లోంచి నేను కోపంతో లేచి వెళ్లలేదు. నువ్వు ఆ మాట అనగానే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఆ నియమం పెట్టిందే నేను. అందుకని బయటికెళ్లి, గుర్రాలు కట్టే పాత రాట దగ్గర నిలబడి కొట్టాను. తర్వాత ఏడుపొచ్చింది. ఆ మొహంతో లోపలికి ఎలా రాను? ఇంటికెళ్లి దీపం వేసి కూర్చున్నాను, నువ్వు వస్తావని. నువ్వు రాలేదు. నా తమ్ముడికి హాలు చాలు, ఇల్లు అక్కర్లేదు అనుకున్నాను.

నీకు ఓటు వేశానా అని నువ్వు అడగలేదు, అడగవు కూడా. నేనే చెప్తున్నాను. ఓటు కాగితం మీద నీ గడి ఖాళీగా వదిలేశాను. హాల్లో ఓట్ల పెట్టె ఉండి ఉంటే ఆ రోజే వేసేదాన్ని.

ఎన్నికల మర్నాడు ఆరింటికి అలవాటుగా టీవీ ముందు కూర్చున్నాను. వార్తలు మొదలయ్యాయి. మీ బావ రాలేదు. ఆపమని అడిగిందీ నేనే, ఆగితే అక్కడే కూర్చుండిపోయిందీ నేనే.

వాషింగ్టన్ చలి వేరుగా ఉంటుందంటారు. జాగ్రత్త.

అక్క
ఆర్లిస్

వాషింగ్టన్
మార్చి 11, 1987

అక్కా,

బిల్లు పెట్టాను. ప్రకటనలో కనిపించే ఇల్లు, ఒళ్లు, మాట ఎవరివో అందులోనే చెప్పాలి. తన పేర పార్టీ వేసే ప్రకటనని ఆపించే హక్కు అభ్యర్థికి ఉండాలి. ఎన్నికకి ముందు ప్రతి జిల్లాలోనూ మీ హాలు లాంటి సభ ఒకటి, మీరు పెట్టిన నియమాలతోనే.

దాని మీద నిన్న మాట్లాడాను. సభలో ఎవరూ లేరు. సభాధ్యక్షుడి కుర్చీలో ఉన్నాయన ఒక్కడే, ఏవో కాగితాలు చూసుకుంటున్నాడు. సాటి సభ్యుడొకడు ముందే చెవిలో చెప్పి వెళ్లాడు: "కెమెరా మీ మొహం మీదే ఉంటుంది. అప్పుడప్పుడు కుడివైపు చెయ్యి చూపిస్తూ 'నా మిత్రులారా' అనండి, సభ నిండుగా ఉన్నట్టుంటుంది." నేను చెయ్యి చూపించలేదు. ఖాళీ కుర్చీల కేసి చూసి, ఖాళీ కుర్చీలకే చెప్పాను. బిల్లుకి తోడు సంతకం పెట్టినవాడు ఒక్కడూ లేడు. "చాలా గొప్ప ఆలోచన" అని మాత్రం నలుగురు భుజం తట్టారు.

అక్కడ మీరు వందమంది ఊపిరి బిగబట్టి విన్నారు. ఇక్కడ ఊపిరి చప్పుడే లేదు. ఈ ఊళ్లో నాకు నిద్ర పట్టేది మీ కొట్టం గురించి ఆలోచించినప్పుడే. నవ్వుకో, కడుపునొప్పి పిల్లాడు ఇప్పుడు కొట్టం వాసన కోసం బెంగ పెట్టుకున్నాడు.

ఆ ఉపన్యాసం అచ్చు ప్రతి పంపుతున్నాను. హాల్లో చదివి వినిపిస్తారా?

నీ
ఓరిన్

స్టోర్‌డాల్
మార్చి 29, 1987

ఓరిన్,

చదివాం. మంచు కరిగి దారంతా బురద, అయినా కుర్చీలు సరిపోలేదు. నేనే చదివాను. బాగా రాశావు. అది నువ్వు రాసిందేనని చదువుతుంటేనే తెలిసింది. అమ్మ మాట తీరు ఉంది అందులో.

సెల్మర్ భార్య కూడా వచ్చింది, ఆగస్టు తర్వాత నలుగురిలోకి రావడం ఇదే. చదవడం అయ్యాక ఎవరూ లేవలేదు. ఆవిడే మెల్లగా అడిగింది. "మంచి బిల్లేనమ్మా. ఆ బిల్లు ముందే ఉంటే మీ తమ్ముడు గెలిచేవాడా?" అంది. అప్పుడు సెల్మర్ అన్నాడు: "గెలిచేవాడు కాదు. మరి ఆ ప్రకటన తప్పని అతనే అంటున్నప్పుడు, దానితో వచ్చిన కుర్చీలో ఎందుకు కూర్చున్నాడు?"

వెటకారంగా అనలేదురా. తెలుసుకుందామనే అడిగాడు. అందరూ నా వైపు చూశారు. నేను నీ చేతులు కాగలిగాను గానీ నీ నోరు కాలేను. అడిగి రాస్తానన్నాను.

జవాబు నువ్వే రాయి. ఆఫీసుతో రాయించకు.

అక్క
ఆర్లిస్

వాషింగ్టన్
ఏప్రిల్ 6, 1987

అక్కా,

సెల్మర్ ప్రశ్నకి మూడు ఉత్తరాలు రాసి చించేశాను. మూడూ ఉపన్యాసాల్లా బాగా కుదిరాయి. అందుకే చించాను.

కుర్చీ వదిలెయ్యాలా, ఇందులోనే కూర్చుని ఆ బిల్లు కోసం కొట్టుకోవాలా, నాకు తెలియదు. తెలియదని వాళ్ల ముందు నిలబడి చెప్పాలి. వాళ్లు ఏమంటారో వినాలి. వచ్చేసారి నిలబడితే టీవీ లేకుండా, ఊరూరా హాళ్లలోనే నిలబడతానని విట్‌కమ్‌కి చెప్పాను. "ఓడిపోతారు సార్" అని, వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఓడిపోతే ఏమవుతుందని కూర్చుని ఆలోచించాను. ఇంటికి రావడం అవుతుంది. అంతకన్నా ఏమీ తట్టలేదు.

శనివారం వస్తున్నాను, ఒక్కణ్ణే, బస్సులో. ముందు హాలుకి. తర్వాత, ఎంత పొద్దుపోయినా సరే, నువ్వు దీపం వేసి ఉంటే ఇంటికి.

నీ తమ్ముడు
ఓరిన్